ఏడో సోడా దుకాణం

ఒకే పూటలో ఆరు గోలీసోడాలు తాగిన మగవాడు ఆడపిల్ల ముందు నిలబడి మాట్లాడకూడదు. ఈ సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే నా ప్రేమకథ కాస్త మర్యాదగా మొదలయ్యేది.

అది పంతొమ్మిది వందల నలభై ఐదు, ఎండాకాలం. అప్పటికి సిద్దిపేటలో ఏడు సోడా దుకాణాలు ఉండేవి. ఎవరి సోడా ఎలా ఉందో స్వయంగా తేల్చుకోవాలని పొద్దున్నే బయల్దేరి, ఒక్కో దుకాణంలో ఒక్కో సోడా తాగుతూ వచ్చాను. ఆరు దాటేసరికి నడవడం కూడా కష్టమైంది. ఏడోది మల్లేశం దుకాణం. తడిపిన గోనెపట్టా కింద సీసాలు వరసగా పడుకుని ఉన్నాయి. మిషను దగ్గర ఒక అమ్మాయి కొంగు నడుముకు దోపుకుని హేండిలు తిప్పుతోంది.

"ఏం గావాలె?" అంది, తిప్పడం ఆపకుండానే.

"నా పేరు ఇస్తారి. హైదరాబాదుల షేర్ల దలాలు దగ్గర మూడేండ్లు గుమాస్తా పని చేసిన. గిప్పుడు మీ ఏడు దుకాణాలు కలిపి ఒక లిమిటెడ్..."

అక్కడ తేన్పు వచ్చింది. చిన్నదేం కాదు. అరుగు మీద పడుకున్న కుక్క లేచి పక్కకు జరిగింది.

"లిమిటెడ్, ఆ తర్వాత?" అంది ఆ అమ్మాయి.

"కంపెనీ..." మళ్ళీ తేన్పు.

"నీ కడుపులనే పెట్టినవా ఏంది కంపెనీ? మాట చెప్తవా, తేన్పులు తీస్తవా? రెండిట్ల ఒక్కటే చెయ్యి."

నేను నోరు మూసుకున్నాను. ఆమె ఒక సీసా తీసి, చెవి దగ్గర పెట్టుకుని, దాని మెడ మీద గోటితో ఒక్కసారి కొట్టింది. తల అడ్డంగా ఊపి పక్కన పెట్టేసింది. ఇంకోటి తీసి కొట్టింది. ఇది నచ్చినట్టుంది, గోలీ నొక్కి నా చేతికిచ్చింది.

"తాగు. ముందు తాగినవన్ని దిగుతయ్."

నిజంగానే దిగాయి. అప్పుడు నాకు రెండు విషయాలు అర్థం కావలసి ఉన్నాయి. ఈ దుకాణం లేకుండా నా కంపెనీ లేదన్నది వెంటనే అర్థమైంది. రెండోది అర్థం కావడానికి ఇంకో పదిహేను రోజులు పట్టింది.

నా ఆలోచన ఏమిటో కాస్త చెప్పాలి. ఇది ప్రేమకథే, భయపడకండి. యుద్ధం పుణ్యమా అని కొత్త సీసాలు రావడం ఆగిపోయింది. ఉన్న సీసాల కోసం ఏడుగురూ కొట్టుకునేవారు. దుబ్బయ్య సీసాలు యోహాను దుకాణంలో తేలేవి, యోహానువి దుబ్బయ్య దుకాణంలో. గ్యాసు హైదరాబాదు నుంచి రావాలి. ఎవరికి వారు విడిగా తెప్పించుకునేసరికి కిరాయికే నడుము విరిగేది. అదే ఏడుగురూ కలిస్తే ఒకే షెడ్డు, ఒకేసారి ఎనిమిది సీసాలు నింపే పెద్ద మిషను. అప్పుడు చిన్నకోడూరు, ధూళిమిట్ట దాకా బండ్ల మీద సోడా పంపవచ్చు. దుకాణాలు ఇచ్చినవాళ్ళకు వాటి బదులు షేర్లు. పెద్ద మిషను కొనడానికి మిగతా షేర్లు ఊరి జనానికి అమ్మకం. మూడేళ్ళు ఇతరుల కాగితాలకు నకళ్ళు రాసి రాసి నేను సంపాదించిన విద్య ఇదొక్కటే.

దుబ్బయ్య అందరికంటే పెద్దవాడు. డైరెక్టరంటే ఏమిటని అడిగి, కూర్చోడానికి కుర్చీ ఉంటుందని తెలుసుకుని ఒప్పుకున్నాడు. యోహాను ఆదివారం షెడ్డు తెరవకూడదని షరతు పెట్టి చేరాడు. మిగిలిన నలుగురూ ఒకరిని చూసి ఒకరు వచ్చారు. కానీ ఊళ్ళో ఎవరిని కదిలించినా ఒకటే ప్రశ్న.

"అంత మంచిగనే ఉన్నది గని, మల్లేశం చేరిండా?"

మల్లేశానికి రెండేళ్ళ కింద సీసా పేలి కుడి మణికట్టు దెబ్బతింది. అప్పటి నుంచీ మిషను కూతురిదే. పేరు బాలమణి. రోజూ సాయంత్రం నేను వెళ్ళి మల్లేశం మంచం పక్కన కూర్చుని కంపెనీ గురించి చెప్పేవాణ్ణి. ఆయన ఊఁ కొట్టేవాడు. జవాబులు మిషను దగ్గర నుంచి వచ్చేవి.

"ఏడు దుకాణాలల్ల హేండిల్ తిప్పేది ఎవలు? అందరు ఆడోళ్ళే. నీ పెద్ద మిషన్ వస్తె మేం ఏం జెయ్యాలె?"

"మీకు షేర్లుంటయ్ గదా. ఇంట్ల కూసోని లాభం తినొచ్చు."

"ఇంట్ల కూసుంటె నాకు అన్నం అరగది."

"పెద్ద మిషన్‌ల ఒక్కసారికె ఎనిమిది సీసాలు..."

"ఎనిమిదిట్ల ఒకటి పగులు సీసా అయితె? ఏడింటిని గూడ తీసుకపోతది. మా బాపు చెయ్యి చూసినవా?"

 షేర్లు అమ్మడానికి అచ్చు వేసే ప్రాస్పెక్టసులో పగులు సీసాల గురించి రాసే ఆచారం లేదు.

అప్పుడామె నన్ను దగ్గరికి పిలిచి, ఒక సీసా నా చెవి దగ్గర పెట్టి గోటితో కొట్టింది. తర్వాత ఇంకొకటి. "మొదటిది ఖంగుమన్నది, ఇనవడ్డదా? రెండోది జర మూగగ లేదా? గది పగిలేది" అంది. నాకు రెండూ ఒకలాగే వినిపించాయి. అయినా ఇంకోసారి కొట్టమన్నాను. ఆమె కొట్టింది. మళ్ళీ కొట్టమన్నాను. నాలుగోసారికి ఆమె నా ముఖం చూసి సీసా లాక్కుంది.

"నువ్వు సీసను ఇంటలేవు" అంది.

ఆ రోజు వరకూ మల్లేశాన్ని నేను "పెద్దబాపు" అని పిలిచేవాణ్ణి. ఊళ్ళో పెద్దవాళ్ళను అలా పిలవడం మామూలే. కానీ ఆ వరసన బాలమణి నాకు చెల్లెలవుతుందని ఇంటికి నడుస్తూ ఉండగా తట్టి, నడిబజారులో ఆగిపోయాను. మర్నాడు దుకాణం మెట్టెక్కుతూనే "మామా, బాగున్నవా?" అన్నాను. మల్లేశం ఏమీ పట్టించుకోలేదు. మిషను దగ్గర మాత్రం హేండిలు ఒక్క క్షణం ఆగి మళ్ళీ తిరిగింది.

అంతా సవ్యంగా సాగుతోందనుకుంటూ ఉండగా దుబ్బయ్యకు తొందర పుట్టింది.

"ఇస్తారీ, రోజు నువ్వొక్కనివే పోయి ముచ్చట వెడితె కాదు. ఆరుగురం కలిసి మర్యాదగ పోయి పిలవాలె. పిలిచేటప్పుడు చేతులూపుకుంట పోతరా?"

సరే అన్నాను. నా తప్పల్లా ఏం కొన్నాడో చూడకపోవడమే. మంచి మాట మాట్లాడటానికి వెళ్తున్నామని కిరాణా దుకాణంలో చెబితే వాళ్ళు ఇచ్చేవి ఇచ్చారు. ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, చక్కెర, ఆకు, వక్క. ఆడపిల్ల ఉన్న ఇంటికి ఊరికే వెళ్ళకూడదని నన్ను కన్న మా అవ్వ కొండవ్వ పసుపు, కుంకుమ, ఒక రవికె గుడ్డ పళ్ళెంలో పెట్టుకుని తనూ బయల్దేరింది. ముందు మా అవ్వ, వెనక ఆరుగురు పెద్దమనుషులు, వాళ్ళ వెనక ఇస్త్రీ అంగీ వేసుకుని, చంకలో కాగితాలతో నేను. ఆ వరసలో ఆ సరంజామాతో సిద్దిపేటలో ఎవరైనా ఎందుకు నడుస్తారో ఊరందరికీ తెలుసు. కంపెనీ ధ్యాసలో ఉన్న మా ఏడుగురికే తట్టలేదు. మా అవ్వకు తట్టిందేమో, ఆ సంగతి ఈనాటికీ చెప్పలేదు.

మల్లేశం మమ్మల్ని చూసి గబగబా మంచాలు వాల్పించాడు. పక్కింటి సాయవ్వ పరుగెత్తుకుంటూ లోపలికి వెళ్ళింది. కొంచెం సేపటికి బాలమణి వచ్చింది. గొల్లభామ చీర కట్టుకుంది, తలలో మల్లెలు. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో సోడా గ్లాసులు. ఎప్పుడూ నా ముఖంలోకి సూటిగా చూసి కొట్లాడే మనిషి ఆ రోజు తల ఎత్తలేదు. నాకు ఎందుకో అర్థం కాలేదు. అంత తెలివైనవాణ్ణి.

మల్లేశం గొంతు సవరించుకున్నాడు.

"కొండవ్వా, మీరొస్తుండ్రని గల్లీల చెప్పంగనే పిల్లనడిగిన. నీ ఇష్టం బాపు అన్నది. ఆ మాట దాని నోట్లెకెల్లి వచ్చుడే ఎక్కువ. ఇగ లగ్గం ఎప్పుడో మీరే చెప్పున్రి."

దుబ్బయ్య నా వైపు చూశాడు. యోహాను నేల చూశాడు. అప్పుడు నేను చేసిన పని ఏ పిచ్చివాడూ చేసి ఉండడు. దలాలు దగ్గర నాకు బాగా నూరిపోసిన సూత్రం ఒకటుంది. ఒప్పందంలో అవతలివాడు పొరపాటు పడితే వెంటనే చెప్పాలి, లేకపోతే తర్వాత చెల్లదు. ఆ సూత్రం అప్పుడే గుర్తొచ్చింది.

"మామా, తప్పుగ అనుకోవద్దు. మేం పిల్ల కోసం రాలే, మిషన్ కోసం వచ్చినం."

నలుగురు పక్కింటివాళ్ళు, గుమ్మంలో సాయవ్వ, వీధిలో పది మంది. అందరూ విన్నారు. బాలమణి పళ్ళెం నెమ్మదిగా కింద పెట్టింది. అప్పుడు తల ఎత్తి నా ముఖంలోకి చూసింది.

"మిషన్ గా మూలకున్నది" అంది. "దాన్నే అడుగున్రి, వస్తదేమో."

లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

ఇంటికొచ్చాక మా అవ్వ నాకు రెండు రోజులు అన్నం పెట్టింది గాని మాట పెట్టలేదు. మూడో రోజు "నీకు ఆ పిల్ల ఇష్టం లేదా కొడుకా?" అని అడిగింది. "ఉన్నదవ్వా" అన్నాను. "మరి గా మాట నాకెందుకు చెప్తున్నవురా, దున్నపోతా?" అంది.

చెప్పడానికే వెళ్ళాను. మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ సాయవ్వ అడ్డుపడి, "మిషన్ నిద్రపోతున్నది, రేపు రా" అని పంపేసింది. లోపలి నుంచి ఎవరూ నవ్వలేదు, అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

ఈలోగా ప్రాస్పెక్టసులు అచ్చయి వచ్చాయి. పసుపు కాగితం, పైన ఉర్దూ, కింద తెలుగు. మల్లేశం ఎలాగూ చేరతాడనే ధీమాతో నేను ముందే ఏడు దుకాణాల పేర్లూ ఇచ్చి ఉన్నాను. వారానికోసారి జరిగే అంగడి రోజు బల్ల వేసుకుని కూర్చుని, ఒక్కో కాగితం మీదా ఏడో పేరు కొట్టేయడం మొదలుపెట్టాను. దుబ్బయ్య చూసి నెత్తి పట్టుకున్నాడు.

"కొట్టేసుడెందుకురా? షేర్లు అమ్ముడు వోయినంక మెల్లగ చెప్తె ఏమైతది?"

"కాగితం మీద ఉన్నది నిజం గాకపోతె గది కంపెనీ గాదు కాకా, మోసం."

ఈ మాట నాకు దలాలు నేర్పలేదు. బాలమణి ముఖం చూశాక నాకై నేను నేర్చుకున్నాను.

చిన్నకోడూరు నుంచి వచ్చిన వీరయ్య అనే రైతు కాగితం అటూ ఇటూ తిప్పి అడిగాడు.

"ఇండ్ల మల్లేశం సోడ ఉంటదా?"

"ఉండది."

"మరి నేనెందుకు కొనాలె?"

"నాకు గూడ సమజైతలేదు" అన్నాను. ఆయన జాలిగా చూసి వెళ్ళిపోయాడు.

ఎదురుగా గోనెపట్టా నీడలో బాలమణి సోడాలు అమ్ముతోంది. నా బల్ల దగ్గర ఆగిన ప్రతి మనిషీ తర్వాత అక్కడికి వెళ్ళి సోడా తాగుతూ ఏదో చెబుతున్నాడు. ఆమె వింటోంది, నా వైపు మాత్రం చూడటం లేదు. చూడకుండా ఉండటానికి అంత కష్టపడే మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

మధ్యాహ్నం దాటాక ఉరుము లేకుండా వాన మొదలైంది. అంగడి అంతా ఎటు దిక్కు దొరికితే అటు పరుగెత్తింది. నేను కాగితాలు అంగీ లోపల దోపుకుని అక్కడే నిలబడ్డాను.

"తడుస్తున్నవ్, రా" అంది బాలమణి, పట్టా కింద నుంచి.

వెళ్ళాను. చోటు ఇద్దరికి సరిపోదు. ఆమె సీసాల బుట్ట అటు జరిపింది.

"ఎన్ని అమ్మినవ్?"

"రెండు. ఒకటి మా అవ్వ, ఒకటి యోహానన్న భార్య."

"మా బాపు పేరెందుకు కొట్టేస్తున్నవ్?"

"మీరు లేరు గదా."

"మల్లొకసారి అడిగితె చేరుతుంటిమేమో. అడగాలని తోయలేదా?"

"ఏమని అడగాలె బాలమణీ? మిషన్ అడిగితె మిషన్ కోసమే అంటవ్. నిన్ను అడిగితె గూడ మిషన్ కోసమే అంటవ్."

"అంట."

"గందుకే మిషన్ ఇగ నాకొద్దు. ఆరు దుకాణాలతోని కంపెనీ అయితె అయితది, లేకుంటె లేదు. కానట్టే కొడుతున్నది."  పక్కనే అన్ని సోడాలున్నా అడగడానికి ధైర్యం లేదు. "ఆ రోజు అందరి ముందట తప్పు మాట అన్న. పిల్ల కోసం రాలేదన్న. దినాం నీ దుకాణానికి వచ్చింది నీ కోసమే. పొద్దున లేస్తె నువ్వు ఇయ్యాల ఏమని తిడ్తవో అనుకుంట లేస్త. నాకు నువ్వు కావాలె. మిషన్ నీ దగ్గరనే ఉండనీ, ఎన్నడు అడగ."

ఆమె వాన వైపు చూస్తూ నిలబడింది. 

"కంపెనీ మునిగినోనివి, ఏం పని చేస్తవ్?" అంది చివరికి.

"నీ దగ్గర హేండిల్ తిప్పుత."

"కూలి?"

"రోజుకొక సోడ."

"పొద్దు పొడువంగనే రావాలె. ఆలిస్యమైతె రానియ్య" అంది. అంటున్నప్పుడు నవ్వు ఆపుకోవడం నేను చూశాను.

మర్నాడు కొన్న ఇద్దరికీ వాళ్ళ డబ్బు తిరిగిచ్చి, షేర్ల అమ్మకం ఆపేసి, హేండిలు పట్టుకున్నాను. మొదటి వారం అరచేతులు బొబ్బలెక్కాయి. రెండో వారం బొబ్బలు పగిలాయి. వచ్చేపోయేవాళ్ళు "ఏం లిమిటెడ్, మంచిగున్నవా?" అని పలకరించేవారు. దుబ్బయ్య రోజూ వచ్చి, నన్ను చూసి నిట్టూర్చి, శత్రువు దుకాణంలో సోడా తాగి వెళ్ళేవాడు. మల్లేశం మంచం మీద నుంచి చూసేవాడు గాని ఒక్క మాట అనేవాడు కాదు. బాలమణి మాత్రం ఊరుకునేది కాదు. మెల్లగా తిప్పితే ఎద్దు నయమనేది, గట్టిగా తిప్పితే మిషన్ నీ అత్తగారి సొమ్మా అనేది. నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజులు అంతకు ముందు లేవు.

మూడు నెలలు గడిచాయి. ఒకనాడు సీసాలు తీసి ఇస్తూ ఉండగా ఒకటి చేతిలో తేడాగా అనిపించింది. చెవి దగ్గర పెట్టి కొట్టాను. మూగగా ఉంది. పక్కన పెట్టాను. బాలమణి వచ్చి దాన్ని తీసి తనూ కొట్టి చూసింది. నా వైపు చూసి, లోపలికి వెళ్ళి, తండ్రితో ఏదో చెప్పింది.

ఆ సాయంత్రం మల్లేశం తనే నడుచుకుంటూ మా ఇంటికి వచ్చాడు.

"కొండవ్వా, నీ కొడుకు మిషన్ కోసం వచ్చిండని ఊరంత అన్నది, నేను గూడ అన్న. మిషన్ కోసమైతె ఇన్నొద్దులు ఎవడు తిప్పుతడు? పిల్ల మల్ల సరేనన్నది. ఈసారి జర నీ కొడుకు నోరు నువ్వే మూసి పట్టుకో."

దసరా వెళ్ళగానే లగ్గమైంది. దుబ్బయ్య పెళ్ళి పెద్దగా అన్నీ తానై తిరిగాడు గాని కంపెనీ మాట ఎవరూ ఎత్తలేదు. నేనసలే ఎత్తలేదు, మాటిచ్చాను కదా.

పెళ్ళైన నాలుగో రోజున బాలమణి తనంతట తానే దుబ్బయ్య దుకాణానికి వెళ్ళి ఆరుగురినీ పిలిపించింది. నేను వెనక నిలబడ్డాను, నాకూ ఏమీ తెలియదు.

"మా దుకాణం గూడ కలుపుతం. మా బాపు షేర్లు నా పేరు మీద రాయాలె. ఇన్ని దినాలు ఏడు దుకాణాలల్ల హేండిల్ తిప్పిన ఆడోళ్ళకే షెడ్డుల ముందు పని ఇయ్యాలె. ఏ సీస గూడ నేను కొట్టి చూడకుంట మిషన్‌ల పెట్టద్దు."

"అంటె నువ్వు గూడ డైరెక్టర్ వైతవా?" అన్నాడు దుబ్బయ్య.

"ఐత. మీ కుర్చీలు ఏడ ఏసుకుంటరో ఏసుకోన్రి, నాది మాత్రం మిషన్ పక్కకెయ్యున్రి."

యోహాను ముందు తలూపాడు. తర్వాత అందరూ ఊపారు. కొత్త కాగితాలు అచ్చు వేయించాం. ఆమె షరతులు మూడూ అందులో ఉన్నాయి. మరుసటి అంగడి రోజు పొద్దు గుంకకముందే షేర్లన్నీ అయిపోయాయి. చిన్నకోడూరు వీరయ్య మూడు కొన్నాడు. కొన్నవాళ్ళలో సగం మంది మర్నాడు కాగితం పట్టుకుని వచ్చి, "ఇగ మేం గూడ మాలిక్‌లమే, ఒకటి కొట్టు" అన్నారు. "మాలిక్‌వి గాబట్టి పైసలిచ్చి తాగు, లాభం నీకే వస్తది" అంది బాలమణి. ఆ లెక్క వాళ్ళకు నచ్చి రెండేసి తాగారు.

ఆ సాయంత్రం దుకాణంలో మేమిద్దరమే మిగిలాం. సీసాలు సర్దుతూ, చాలా రోజులుగా మనసులో ఉన్న మాట అడిగేశాను.

"కలపాలనే ఉంటె ఆ వాన వడ్డ దినమే చెప్పకపోయినవా? నా చేతులన్న మిగులుతుండె."

ఆమె నా అరచేయి తీసుకుని, గట్టిపడిన చోట వేలితో తడిమింది.

"ఆ దినమే ఇస్తె, నువ్వు ఎవల కోసం వచ్చినవో నాకు జన్మల తెల్వకపోవు" అంది. "తెల్వకుంట నీతోని ఎట్ల బతుకుదు?"

నేను ఆమె చేతిని వదల్లేదు. సీసాలు సర్దడం ఆ రోజు సగంలోనే ఆగిపోయింది.